ప్రశ్న పట్టుకుని పక్క డిపార్ట్‌మెంటుకి

(హైదరాబాద్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరిన పీజీ, పరిశోధక విద్యార్థులతో ఒక స్టాటిస్టిక్స్ అధ్యాపకుడు మాట్లాడిన ప్రసంగ పాఠం. చివర్లో విద్యార్థులు అడిగిన రెండు ప్రశ్నలు, జవాబులు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

నాకిచ్చిన అంశం 'వివిధ శాస్త్రాల మధ్య సంభాషణ, సృజనాత్మకత'. బ్యానర్ మీద చూడ్డానికి బాగుంది. ఇలాంటి పేరుతో జరిగే సెమినార్లకి నేను చాలా వాటికి వెళ్లాను. జ్యోతి వెలిగిస్తాం, శాలువాలు కప్పించుకుంటాం. ఫిజిక్స్ ఆయన తన ఫిజిక్స్ చెప్తాడు, చరిత్ర ఆవిడ తన చరిత్ర చెప్తుంది. ఒకరి మాట ఒకరికి ఎక్కకుండానే ఒంటిగంట అవుతుంది, భోజనాలకి లేస్తాం. భోజనం మాత్రం ఎప్పుడూ బాగుంటుంది. (నవ్వులు) అందుకని ఆ పెద్ద మాటని కాసేపు పక్కన పెట్టి, ఒక చిన్న లెక్కతో మొదలుపెడతాను.

బడిలో తెలుగు చదివినవాళ్లు చెప్పండి. కంద పద్యంలో వచ్చే గణాలు ఏవి?

(సభలోంచి: గగ, భ, జ, స, నల.)

అదీ. నిద్రలో లేపి అడిగినా చెప్తాం, అంత బట్టీ పట్టాం. అయిదు గణాలు. మరి అయిదే ఎందుకు? ఆరోది ఎందుకు లేదు?

ఈ ప్రశ్న నాది కాదు. తెలుగులో పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి క్యాంటీన్లో నన్ను అడిగింది. అంతకుముందు ఎవరిని అడిగినా "లక్షణం అంతే" అన్నారట. నేను టిష్యూ పేపర్ మీద లెక్క వేసి చూపించాను. మీరూ మనసులో వెయ్యండి. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. కందంలో ప్రతి గణానికీ నాలుగు మాత్రలు. గణం చివర లఘువు ఉంటే ముందు మూడు మాత్రలు మిగులుతాయి. మూడు మాత్రలు మూడు రకాలుగానే వస్తాయి: మూడు లఘువులు, గురువు తర్వాత లఘువు, లఘువు తర్వాత గురువు. వీటికి చివర ఒక లఘువు తగిలించండి. నల, భ, జ వచ్చేశాయి. అలా కాకుండా గణం చివర గురువు ఉంటే ముందు మిగిలేవి రెండే మాత్రలు. అవి రెండు లఘువులైనా కావాలి, ఒక గురువైనా కావాలి. వీటికి గురువు తగిలిస్తే స, గగ. మూడు, రెండు కలిపితే అయిదు. ఆరోదానికి అసలు చోటే లేదు.

అయిదు మాత్రలైతే ఎన్ని? ఇదే దారిలో వెళ్తే అయిదు, మూడు కలిపి ఎనిమిది. ఆరు మాత్రలకి పదమూడు. ఒకటి, రెండు, మూడు, అయిదు, ఎనిమిది, పదమూడు... మ్యాథ్స్ వాళ్లు అప్పుడే నవ్వుతున్నారు. ఫిబొనాచి సంఖ్యలు. కుందేళ్లు ఎలా పెరుగుతాయన్న లెక్కతో ఈ వరస చెప్పిన ఇటలీ గణితజ్ఞుడు ఫిబొనాచి పుస్తకం 1202లో వచ్చింది. అంతకు యాభై ఏళ్ల ముందే, 1150 ప్రాంతంలో, గుజరాత్‌లో హేమచంద్రుడు అనే జైన పండితుడు ఛందస్సు గురించి రాస్తూ ఈ వరస చెప్పాడు. ఆయనకి కుందేళ్లతో పని లేదు, మాత్రలు లెక్కపెట్టాలి, అంతే.

ఇక్కడితో ఆగి ఉంటే ఇది ఒక సరదా ముచ్చట. ఆ అమ్మాయి ఆగలేదు. కందానికి ఇంకా నియమాలున్నాయి కదా: బేసి గణం జ కాకూడదు, ఆరో గణం నల అయినా జ అయినా కావాలి, ఎనిమిదో గణం చివర గురువు ఉండాలి, మొదటి పాదం గురువుతో మొదలైతే అన్ని పాదాలూ గురువుతోనే మొదలవ్వాలి. ఇవన్నీ పాటించాక పద్యంలో సగానికి, అంటే రెండు పాదాల్లో వచ్చే ఎనిమిది గణాలకి, ఎన్ని నడకలు మిగులుతాయి? ఇద్దరం కూర్చుని వేస్తే 12,800 వచ్చాయి. అప్పుడు ఆమె అడిగింది: "సార్, ఇన్ని ఉన్నప్పుడు ఒక్కో కవి ఏవి ఎక్కువ వాడాడు? ఏవి అసలు ముట్టుకోలేదు?" అది మళ్లీ తెలుగు ప్రశ్న అయిపోయింది. దానికి జవాబు చెప్పే అర్హత నాకు లేదు. ఆమె ఇప్పుడు కవి తర్వాత కవిని పట్టుకుని లెక్కపెడుతోంది. ఈ లెక్కతో మంచి కందం రాయడం వస్తుందని ఎవరూ అనుకోకండి, రాదు.

నేను చెప్పదలుచుకున్నది ఇందులోనే ఉంది. రెండు శాస్త్రాలు కలవాలని కోరుకుంటే కలవవు. ఒకరి దగ్గర ఎటూ కదలని ప్రశ్న ఒకటి ఉండాలి, అది పట్టుకుని ఇంకొకరి దగ్గరికి వెళ్లాలి. 'సాహిత్యం, గణితం: సంబంధాలు' అని సెమినార్ పెట్టి ఉంటే ఆ అమ్మాయీ నేనూ రెండు వేరువేరు సెషన్లలో పేపర్లు చదివి ఇంటికెళ్లేవాళ్లం.

మా స్టాటిస్టిక్స్ వాళ్లకి ఈ విషయంలో ఒక సౌకర్యం ఉంది. అన్ని డిపార్ట్‌మెంట్ల వాళ్లూ మా గుమ్మం ఎక్కుతారు. కాకపోతే ఎప్పుడు వస్తారు? పెళ్లయిపోయాక జాతకాలు చూపించుకోవడానికి వచ్చినట్టు వస్తారు. మూడేళ్లు డేటా సేకరించి, ఇక థీసిస్ ఇవ్వాలి అన్నప్పుడు ఎక్సెల్ షీటు పట్టుకొచ్చి "సార్, దీనికి ఏ టెస్ట్ వాడాలి?" అంటారు. మా రంగానికి పునాది వేసిన ఆర్.ఎ. ఫిషర్ 1938లో కలకత్తాలో మొదటి భారత స్టాటిస్టిక్స్ మహాసభకి అధ్యక్షత వహిస్తూ దీని గురించే చెప్పాడు. ప్రయోగం అయిపోయాక స్టాటిస్టిషియన్ని సంప్రదించడమంటే పోస్ట్‌మార్టం చెయ్యమని అడగడమే, అది దేనివల్ల పోయిందో మాత్రం ఆయన చెప్పగలడేమో అన్నాడు. ఆ పోస్ట్‌మార్టం ఇప్పటికీ నడుస్తోంది.

ఆలస్యంగానైనా సరైన మనిషిని అడిగితే ఒక్కోసారి ఏమవుతుందో చెప్తాను. 1920లో నాగపూర్‌లో సైన్స్ కాంగ్రెస్ జరిగింది. జంతుశాస్త్రవేత్త నెల్సన్ అనండేల్ దగ్గర కలకత్తా ఆంగ్లో-ఇండియన్ల శరీర కొలతలు బోలెడున్నాయి. వాటిని ఏం చెయ్యాలో ఆయనకి తోచలేదు. అక్కడ ఒక కుర్ర ఫిజిక్స్ లెక్చరర్ కలిస్తే, వీటిని విశ్లేషించి పెడతావా అని అడిగాడు. ఆ లెక్చరర్ పేరు పి.సి. మహలనోబిస్. రెండేళ్లకి మొదటి పేపర్ వచ్చింది. ఇద్దరు మనుషులు, రెండు గుంపులు ఒకదానికొకటి ఎంత దగ్గర, ఎంత దూరం అని ఎలా కొలవాలన్న ప్రశ్న ఆయన్ని వదల్లేదు. 1936కి అది 'మహలనోబిస్ డిస్టెన్స్' అయింది. ఇవాళ ఇక్కడ మెషీన్ లెర్నింగ్ చేసేవాళ్లలో చాలామంది అది వాడతారు, అది ఎవరి ముక్కు కొలతల్లోంచి పుట్టిందో తెలియకుండానే. ఒక మాట మాత్రం చెప్పి ముందుకెళ్తాను. అప్పట్లో ఆ కొలతల వెనక ఉన్న జాతుల ఊహల్ని ఇవాళ ఒప్పుకోలేం. సూత్రం నిలబడింది, ఊహలు కూలిపోయాయి. వాటిని కూల్చింది గణితం ఒక్కటే కాదు, సోషియాలజీ వాళ్లు, ఆంత్రపాలజీ వాళ్లు కూడా. సంభాషణలో ఆ భాగం కూడా లెక్కే.

మహలనోబిస్ దగ్గరికి చేరిన మన తెలుగాయన సి.ఆర్. రావు గారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఎ. చేశారు, ఉద్యోగం లేదు. సైన్యం సర్వే విభాగంలో ఏదో పని ఉందంటే ఇంటర్వ్యూకి కలకత్తా వెళ్లారు. బస చేసిన హోటల్లో మన దక్షిణాది మనిషి ఒకాయన పరిచయమయ్యాడు. మహలనోబిస్ పెట్టిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ట్రైనింగ్ తీసుకుంటున్నాను అన్నాడు. ఆ పేరు వినడం రావు గారికి అదే మొదలు. వెళ్లి చూశారు, 1941లో చేరిపోయారు. ఆ హోటల్లో ఇద్దరూ ఎవరి ప్లేటు వాళ్లు తిని లేచిపోయి ఉంటే? నేను మాత్రం క్యాంటీన్లో ఫోన్ చూస్తూ తినే పిల్లల్ని చూసినప్పుడల్లా ఇది అనుకుంటాను.

తర్వాతది ఇంకా బాగుంటుంది. 1946లో రావు గారిని కేంబ్రిడ్జికి పిలిచారు. గణితం డిపార్ట్‌మెంటుకి కాదు, ఆంత్రపాలజీ మ్యూజియానికి. సూడాన్‌లోని జెబెల్ మోయా అనే చోట తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాలు అక్కడ ఉన్నాయి. ఎముకల కొలతల్ని బట్టి ఆ మనుషులు ఎవరికి దగ్గరివాళ్లో తేల్చాలి. ఆయన పగలు ఎముకలు కొలిచారు, ఫిషర్ దగ్గర పీహెచ్‌డీకి నమోదయ్యారు, ఫిషర్ ల్యాబ్‌లో ఎలుకల జన్యువుల మీద కూడా పనిచేశారు. 1948లో డాక్టరేట్ వచ్చింది. ఒక ఎముకకి ఒక కొలత ఉంటే సమస్య లేదు. కానీ పుర్రెకి పది కొలతలుంటాయి, కొన్ని పుర్రెలు విరిగిపోయి కొన్ని కొలతలు దొరకవు. ఇలాంటి చిక్కుల్లో పనిచేసిన మనిషి కాబట్టే అనేక కొలతల్ని ఒకేసారి విశ్లేషించే పద్ధతుల్లో ఆయన చేతిముద్ర అంత గట్టిగా ఉంది. 2023లో, 102 ఏళ్ల వయసులో, స్టాటిస్టిక్స్‌లో అంతర్జాతీయ బహుమతి అందుకున్నారు. ఆ ఏడే వెళ్లిపోయారు. గచ్చిబౌలిలో హెచ్‌సీయూ, అంటే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, క్యాంపస్‌లో ఆయన పేరుతో ఒక సంస్థ ఉంది, గణితం, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్ మూడూ ఒకే చూరు కింద. ఎప్పుడైనా వెళ్లి చూడండి.

ఇప్పుడు తిరుగు దిశలో ఒకటి. ఈసారి ప్రశ్న భాషాశాస్త్రానిది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఉస్మానియాలో భాషాశాస్త్రం ఆచార్యులు, తర్వాత 1986 నుంచి 1993 దాకా హెచ్‌సీయూ వైస్ ఛాన్సలర్. ఆయన చూస్తున్న సమస్య ఇది. తమిళంలో ఉరల్ అంటే మనకి రోలు. వాళ్లకి ఇరండు, మనకి రెండు. మాట మొదట్లో ఉన్న అచ్చు వెనక్కి జరిగింది, హల్లు ముందుకొచ్చింది. ఈ తారుమారు తెలుగులోనే కాదు, గోండి, కొండ, కుయి, కువి, పెంగో, మండ భాషల్లో కూడా ఉంది. అన్ని మాటల్లో ఒకేసారి జరగలేదు. కొన్ని మాటలు మారాయి, కొన్ని పాత రూపంలోనే ఉండిపోయాయి. ఒక్కో భాషలో ఏవి మారాయో, ఏవి మారలేదో చూస్తే ఆ ఆరు భాషల్లో ఏది దేనికి తోబుట్టువో, ఏది ముందు విడిపోయిందో చెప్పగలమా?

ఆరు భాషలకి రెండేసి కొమ్మలుగా చీలే వంశవృక్షాలు ఎన్ని గీయొచ్చో తెలుసా? 945. చేత్తో చూసి ఇది సరైనది అనడం కష్టం. స్టాన్‌ఫర్డ్‌లోని స్టాటిస్టిషియన్ లింకన్ మోజెస్, డగ్లస్ డాన్‌ఫర్త్‌లతో కలిసి కృష్ణమూర్తి గారు 1983లో 'లాంగ్వేజ్' పత్రికలో పేపర్ వేశారు. అందులో గొప్ప మలుపు ఏమిటంటే, అందరూ మారిన మాటల వెంట పడతారు, వీళ్లు మారని మాటల్ని కూడా సాక్ష్యంగా తీసుకున్నారు. ఒక్కో వృక్షానికీ మార్కులు వేస్తూ పోయారు. నా మట్టుకు నాకు మన ఊరి పండితులు చేసిన పనుల్లో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ఎందుకంటే ఇక్కడ స్టాటిస్టిషియన్ కూలికి పిలిచిన మనిషి కాదు. ఆయనకి కూడా తన రంగంలో కొత్త చిక్కు దొరికింది. జీవపరిణామం వాళ్లు వృక్షాలు గీసే సమస్యా ఇదే జాతిది కదా.

అదే కృష్ణమూర్తి గారు ఇరవై ఏళ్ల ముందు చేసిన పని కూడా మర్చిపోవద్దు. మాండలిక వృత్తి పదకోశం. మొదటి సంపుటం వ్యవసాయం, 1962. తర్వాత చేనేత, 1971. నాగలిలో ఏ చెక్కని ఏ జిల్లాలో ఏమంటారు, మగ్గంలో ఏ కర్రని ఏమంటారు అని ఊళ్లు తిరిగి రైతుల్ని, నేతగాళ్లని అడిగి రాసుకొచ్చారు. అక్కడ పాఠం చెప్పింది రైతు, రాసుకున్నది యూనివర్సిటీ. మనం సంభాషణ అనగానే రెండు డిపార్ట్‌మెంట్లు అనుకుంటున్నాం. క్యాంపస్ గోడ బయట ఉన్నవాళ్లని కూడా లెక్కలోకి తీసుకోవాలని నా అభిప్రాయం.

ఈ ఊళ్లో అన్నిటికన్నా పెద్ద ఎత్తున జరిగిన సంభాషణ గురించి చెప్పకపోతే తప్పవుతుంది. ఉస్మానియా 1918లో మొదలైంది. అంతకు ఒక ఏడాది ముందే, 1917లో, అనువాద సంస్థ పెట్టారు, దారుల్ తర్జుమా. మొదట దాని బాధ్యత మౌల్వీ అబ్దుల్ హక్ ది. ఇంజినీరింగ్, వైద్యం, రసాయనశాస్త్రం, చట్టం అన్నీ ఉర్దూలో చెప్పాలి. పుస్తకాలు లేవు, మాటలు లేవు. దానికోసం పరిభాష కమిటీలు పెట్టారు. ఆ బల్ల చుట్టూ ఒక పక్క సబ్జెక్టు తెలిసినవాళ్లు, ఇంకో పక్క భాష తెలిసినవాళ్లు. నజ్మ్ తబాతబాయి, జోష్ మలీహాబాదీ లాంటి కవులు ఆ సంస్థలో జీతానికి పనిచేశారు. వహీదుద్దీన్ సలీం మాటలు కట్టే పద్ధతి మీద ఒక గ్రంథమే రాశాడు.

ఊహించుకోండి. రసాయనశాస్త్రం ఆయన ఒక భావం వివరిస్తాడు. కవి "అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అంటాడు. మళ్లీ చెప్తున్నప్పుడు రసాయనం ఆయనకే అనుమానం వస్తుంది, నేను ఇన్నాళ్లూ రెండు వేరే సంగతుల్ని ఒకే పేరుతో పిలుస్తున్నానా అని. అనువాదం చేసిన ఎవరికైనా ఇది అనుభవమే. ఇక్కడ వాళ్లని కలిపింది సృజనాత్మకత కాదు, జూన్‌లో క్లాసుకి పుస్తకం కావాలన్న తొందర. చేతిలో పని ఉంటే మర్యాదలు తగ్గుతాయి, తెలియనిది తెలియదని అడుగుతాం. ఆ బల్ల దగ్గర తెలుగుకి కుర్చీ వెయ్యలేదు, అది కూడా చెప్పాలి. నిజాం రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే భాష మనది. పెద్ద పని, కానీ సగం ఊరు గుమ్మం బయటే ఉంది. 1948 తర్వాత ఉర్దూ మాధ్యమం పోయింది, ఇంగ్లీషు వచ్చింది, ఆ బల్లలూ పోయాయి. ఎవరో రాసిన ఇంగ్లీషు పుస్తకం తెచ్చుకుని చదివితే సరిపోతున్నప్పుడు కవితో ఏం పని?

సరే, ఇవాళ మన సంగతి. ఎంఐటీలో థామస్ అలెన్ అనే ఆయన ఇంజినీర్లు, శాస్త్రవేత్తలు ఎవరితో ఎంత మాట్లాడుకుంటున్నారో లెక్కపెట్టి 1977లో పుస్తకం వేశాడు. కుర్చీల మధ్య దూరం పెరిగే కొద్దీ పని గురించి మాట్లాడుకోవడం జారిపోతుంది. యాభై మీటర్లు దాటితే ఇక దాదాపు నేలకి అంటుకుంటుంది. యాభై మీటర్లు! హెచ్‌సీయూకి మొదట ఇచ్చిన నేల సుమారు 2,300 ఎకరాలు. అక్కడ లైఫ్ సైన్సెస్ నుంచి హ్యుమానిటీస్‌కి ఎండాకాలం నడిచి వెళ్లాలంటే మంచి ప్రశ్న ఉండాలి, లేకపోతే సైకిల్ ఉండాలి. అందుకే అక్కడి పిల్లలకి గోప్స్, షాప్‌కామ్ అంత ముఖ్యం. అక్కడ టీ తాగడానికి అందరూ వస్తారు. విశాలమైన క్యాంపస్ కట్టిన వాళ్లని తప్పు పట్టడం లేదు. అంత దూరం పెట్టాక, మధ్యలో కూర్చునే చోటు పెట్టకపోతే ఎలా అంటున్నాను. వర్షం పడితే నిలబడ్డానికి చూరు, నాలుగు బెంచీలు, ఒక బ్లాక్‌బోర్డు. కోట్ల రూపాయల ఇన్నోవేషన్ బిల్డింగ్ కన్నా అది చవక.

ఇటు తార్నాక వైపు చూడండి. ఉస్మానియా, భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూ, పోషకాహార సంస్థ ఎన్ఐఎన్, కొంచెం ముందుకెళ్తే రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, కణజీవశాస్త్ర సంస్థ సీసీఎంబీ, భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ. తార్నాక, హబ్సిగూడ, ఎన్‌జీఆర్‌ఐ అని మెట్రో స్టేషన్లే వరసగా ఉన్నాయి. భాష, భోజనం, రసాయనం, కణం, భూమి అన్నీ మూడు స్టేషన్లలో. దేశంలో ఇంత దగ్గరగా ఇన్ని ఉన్న చోట్లు తక్కువ. కానీ ప్రతిదానికీ గేటు ఉంది. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన "ఎవరి కోసం వచ్చారు?" అంటాడు. "ఊరికే మాట్లాడదామని" అంటే లోపలికి పంపడు. (నవ్వులు) ఆయన డ్యూటీ ఆయనది.

అయినా ఆ గోడల లోపల ఎంత జరిగిందో. లాల్జీ సింగ్ గారు బనారస్‌లో పాముల క్రోమోజోముల మీద పని మొదలుపెట్టారు. పాముల్లో ఆడ, మగ ఎలా తేలతాయన్నది ఆయన ప్రశ్న. కట్లపాము జాతి పాము డీఎన్‌ఏలో దొరికిన ఒక ముక్క, తర్వాత సీసీఎంబీలో, మనుషుల్ని గుర్తుపట్టే డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్‌కి పనికొచ్చింది. కేరళ కోర్టులో ఒక పితృత్వ కేసులో సాక్ష్యమైంది. పాములు చూసుకుంటున్న మనిషికి ఇప్పుడు జడ్జి ప్రశ్న వేస్తాడు: ఇంకొకరికి ఇదే నమూనా ఉండే అవకాశం ఎంత? అది జీవశాస్త్రం ప్రశ్న కాదు, మాది. అందులో న్యాయం ఉంది, పోలీసు సీలు వేసిన కవరు ఉంది. కోర్టులో ప్రశ్న అడిగేవాడికి శాస్త్రం రాదు, జవాబు చెప్పేవాడికి చట్టం రాదు. ఇద్దరూ కలవక తప్పని పరిస్థితి. ఇంతకన్నా మంచి క్లాస్‌రూమ్ ఎక్కడుంది?

ట్రిపుల్ ఐటీలో మొదటినుంచీ కంప్యూటర్ సైన్స్ పక్కన భాషాశాస్త్రం పెట్టారు. అక్కడ పిల్లలు ఆ రెండూ కలిపి డిగ్రీ చేస్తారు. అక్కడి వాళ్లు యంత్రానువాదానికి పాణిని కారకాల్ని, అంటే క్రియతో ఏ మాటకి ఏ సంబంధమో చెప్పే పద్ధతిని, ఆధారం చేసుకున్నారు. ఎందుకో ఒక్క ఉదాహరణ. "రాముడు సీతను చూశాడు", "సీతను రాముడు చూశాడు". మాటల వరస మారినా అర్థం మారలేదు, విభక్తి కాపాడింది. మాటల వరస మీద ఆధారపడే ఇంగ్లీషు కోసం తయారైన పద్ధతి ఇక్కడ తడబడుతుంది. కోడ్ రాసేవాడి పక్క సీట్లో వ్యాకరణం తెలిసినవాడు ఉంటే ఈ సంగతి మొదటి రోజే తెలుస్తుంది. లేకపోతే ప్రాజెక్టు చివర తెలుస్తుంది. కంది దగ్గర ఐఐటీలో కోర్సుల్ని అర క్రెడిట్ ముక్కలుగా చేసి పెట్టారు, పిల్లలు పక్క సబ్జెక్టు రుచి చూడ్డానికి. మంచి ఏర్పాటే. మిగతా చోట్ల మాత్రం ఓపెన్ ఎలక్టివ్ అనగానే పిల్లలు అడిగే మొదటి ప్రశ్న "మార్కులు ఎవరు బాగా వేస్తారు?" వాళ్లని అనేం లాభం, మేం నేర్పించిందే.

అసలు అడ్డం దూరం ఒక్కటే కాదు. ఎవరూ పైకి చెప్పనిది ఒకటి ఉంది, అంతస్తులు. సైన్స్ ఆయన హిస్టరీ ఆయనతో మాట్లాడేటప్పుడు ఓర్పు చూపిస్తున్నట్టు మాట్లాడతాడు. హిస్టరీ ఆయన సైన్స్ ఆయనకి లోకం తెలియదని నమ్ముతాడు. ల్యాబ్‌లో ఏసీ ఉంటుంది, తెలుగు డిపార్ట్‌మెంటులో ఫ్యాన్ తిరుగుతూ చప్పుడు చేస్తుంది. గ్రాంట్ల లెక్కలు అందరికీ తెలుసు. ఈ తేడా ఉండగా "రండి, సమానంగా మాట్లాడుకుందాం" అంటే ఎవరు నమ్ముతారు? ఇంకో అడ్డం ఇంగ్లీషు. ఈ హాల్లోనే తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలున్నారు. వాళ్ల దగ్గర ప్రశ్న ఉంటుంది, ఇంగ్లీషులో అడిగితే తప్పు వస్తుందేమో అని టెన్షన్. ప్రశ్న తెలుగులో వేస్తే విననివాడు మీతో కలిసి పనిచేసే మనిషి కాదు, వదిలెయ్యండి.

నేను గమనించింది ఒకటి చెప్పి ఆపుతాను, మీరు ప్రశ్నలు వెయ్యాలి. పక్క రంగం మనిషితో మొదటి రెండుసార్లు మాట్లాడినప్పుడు ఏమీ రాదు. వాళ్ల మాటలు మనకి తెలియవు. వాళ్లకి మోడల్ అంటే ఒకటి, మనకి ఇంకొకటి. మా వాళ్లకి 'ఎర్రర్' అంటే తప్పు కాదు, చరిత్ర వాళ్లకి తప్పే. చాలామంది ఇక్కడే విసిగిపోయి, ఇది మనకి కుదరదు అని లేచిపోతారు. మూడోసారి, నాలుగోసారి కూర్చున్నవాళ్లకి దొరుకుతుంది. కాబట్టి వారానికి ఒకసారి, ఒకే వేళకి, ఒకే మనిషితో కూర్చోండి. పదిమందితో పరిచయాలు పెంచుకోవడం కన్నా అది మేలు. ఎవరైనా సాయం చేస్తే వాళ్ల సమస్య కూడా వినండి. మీ సమస్యే చెప్పి, జవాబు తీసుకుని వెళ్లిపోతే అది సంభాషణ కాదు, బ్యాంకు కౌంటరు.

ప్రశ్నలు?

విద్యార్థిని: సార్, నేను సోషల్ వర్క్. మా ఫీల్డ్ వర్క్ బస్తీల్లో ఉంటుంది. మాకు ల్యాబ్ వాళ్ల దగ్గరికి పట్టుకెళ్లేంత పెద్ద ప్రశ్నలు ఉండవు.

ఏ బస్తీలో? ఏం చూశావు చివరిసారి?

విద్యార్థిని: నీళ్ల ట్యాంకర్ల దగ్గర గొడవ. ఎవరి ఇంటికి ఎన్ని బిందెలు వస్తున్నాయని రాసుకుంటున్నాం.

ఇది పెద్ద ప్రశ్న కాదా అమ్మా? ఆ నీళ్లు ఎక్కడివి, బోరువా, నల్లా నీళ్లా? బోరైతే భూగర్భశాస్త్రం వాళ్లకి పని. నీళ్లలో ఏముందో రసాయనం వాళ్లు చెప్పాలి. రెండు గంటలు లైన్లో నిలబడే ఆడవాళ్ల కూలి ఎంత పోతోందో ఎకనామిక్స్ వాళ్లు. ఏ ఇళ్లని ఎంచుకుంటున్నారో నాకు చెప్పు, మీకు తెలిసిన ఇళ్లే అయితే లెక్క ఒక వైపుకి ఒరుగుతుంది. అందరి దగ్గరికీ ఒకేసారి వెళ్లకు. ముందు కెమిస్ట్రీ నుంచి ఒక మనిషిని బస్తీకి తీసుకెళ్లు. ల్యాబ్‌కి సీసా పంపడం కాదు, మనిషినే తీసుకెళ్లు. ఆ లైన్లో నిలబడితే వాళ్లు అడిగే ప్రశ్నే మారిపోతుంది.

విద్యార్థి: సార్, మా గైడ్ ఒప్పుకోరు. పక్క వాళ్లతో పేపర్ వేస్తే ప్రమోషన్లో, ఉద్యోగంలో ఎవరి లెక్కలోకీ రాదంటారు. మాకు కూడా భయమే.

మీ గైడ్ చెప్పింది అబద్ధం కాదు. సెలక్షన్ కమిటీలో అభ్యర్థి పేపర్ చూసి "ఇది మా సబ్జెక్టేనా?" అనడం నేను విన్నాను. అది మారాలి, మార్చాల్సింది మాలాంటి వాళ్లం, మీరు కాదు. అంతవరకూ పీహెచ్‌డీ నీ సబ్జెక్టులోనే గట్టిగా చెయ్యి. పక్క రంగానికి నీ దగ్గరున్నదే పనికొస్తుంది, అది అరకొరగా ఉంటే నిన్ను ఎవరూ పిలవరు. కలిసి చేసే పని ఒక్కటి పెట్టుకో, చిన్నది. గైడ్‌కి చెప్పే చెయ్యి, దాచి చెయ్యకు. ఇంకొకటి, పని మొదలుపెట్టకముందే నువ్వు, గైడ్, పక్క రంగం మనిషి ముగ్గురూ కూర్చుని పేపర్లో పేర్లు ఏ వరసలో ఉంటాయో, డేటా ఎవరి దగ్గర ఉంటుందో ఒక మెయిల్లో రాసుకోండి. స్నేహితులం కదా అని వదిలేసినవి చివరికి ఎక్కువగా చెడేది అక్కడే. మెయిల్‌కి జవాబుగా అందరూ "సరే" అని పెట్టాకే మొదటి శాంపిల్ తియ్యండి.